టాక్సీవే మీద నిమ్మకాయ

రెండంతస్తుల విమానం తయారుచేసి, ఆ తర్వాత అది తిరగడానికి దారులు చాలవని గ్రహించినవాళ్ళెవరో గానీ, వాళ్ళ పుణ్యాన నేను చాలా ఏళ్ళు అన్నం తిన్నాను. ఏనుగును కొన్నాక గుమ్మం పగలగొట్టుకునే బాపతు. ఇప్పుడా విమానాన్ని కొత్తగా చెయ్యడం మానేశారట. ఉన్నవి ఎగురుతున్నాయి. మేం వెడల్పు చేసిన దారి సౌదీలో, ఎర్ర సముద్రం ఒడ్డున, అలాగే పడి ఉంది.

పని సంగతి కాస్త చెప్పాలి, లేకపోతే నిమ్మకాయ సంగతి అర్థం కాదు. రన్‌వే మీద దిగిన విమానం గేటు దాకా మెల్లగా నడిచొచ్చే దారిని టాక్సీవే అంటారు. ఈ పెద్ద విమానం చక్రాలు పాత దారిలోనే పట్టేవి. తంటా అంతా రెక్కలతో. రెక్కల చివరి ఇంజిన్లు దారి దాటిపోయి పక్కనున్న ఇసుక మీద వేలాడుతూ వస్తాయి. ఇంజిన్ అంటే ముందు నుంచి పీల్చి వెనక నుంచి ఊదేది. కింద గులకరాయి ఉన్నా, మేకు ఉన్నా, ఊడిన బోల్టు ఉన్నా లోపలికి లాక్కుంటుంది. లాక్కుంటే దాని బ్లేడ్లు విరుగుతాయి. అందుకని దారికి రెండు పక్కలా ఇసుక తీసేసి నేల గట్టి చెయ్యాలి, లైట్లు పీకి దూరంగా జరపాలి. మూల మలుపుల దగ్గర ఇంకా వెడల్పు చెయ్యాలి, ఎందుకంటే పొడుగు బండి ఇరుకు సందులో తిరగదు. గేటు దగ్గర పై అంతస్తు మనుషులు దిగడానికి వేరే వంతెన కట్టాలి. వంతెనలు, అద్దాలు, ఏసీలు పెద్ద కంపెనీలవాళ్ళు పంచుకున్నారు. ఎండ, ఇసుక, కాంక్రీటు మా వాటాకు వచ్చాయి.

మాది కాంట్రాక్టరు కింద ఇంకో కాంట్రాక్టరు, వాడి కింద ఉండే చిన్న కంపెనీ. ముఠాలో ఎక్కువమంది జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాదు వైపు మనుషులు. నేను అంతకుముందు ఒక సౌదీ ఇంట్లో డ్రైవరుగా చేసి అరబ్బీ పట్టాను. పాకిస్తానీ డ్రైవర్లతో తిరిగి హిందీ పట్టాను. ఇంటర్ దాకా చదివిన చదువుకు ఇంత ఇంగ్లిషు ఉంది. అందుకని నన్ను ఇంజనీర్లకూ ముఠాకూ మధ్య నిలబెట్టారు. ఒకరి తిట్టును ఇంకొకరి భాషలోకి వేడి తగ్గకుండా చేరవేయడం నా ఉద్యోగం. పార పట్టని చేతికి జీతమేందిరా అని మావాళ్ళు ఎకసెక్కాలాడేవారు, నాకు కోపం వచ్చేది. నాకు కోపం తొందరగా వస్తుంది, ఆలస్యంగా పోతుంది, కొన్నిసార్లు పోనే పోదు.

ముఠాలో కాక అని ఒకాయన ఉండేవాడు. రక్తసంబంధం కాదు, మా పక్క ఊరు. వయసుకు మర్యాదిచ్చి అందరం కాకా అనేవాళ్ళం. కాంక్రీటు పోశాక పైన నునుపు చేసే మేస్త్రీ. మంచివాడని చెప్పను. గురక పెట్టేవాడు, వంతు రాకపోయినా స్నానాల గదిలో ముందు దూరేవాడు, ఎవడు వండిన కూరకైనా వంక పెట్టేవాడు. తను పోసిన ముక్క ఆరి గట్టిపడిన రోజు మాత్రం బూట్లు విప్పి దాని మీద వట్టికాళ్ళతో నడిచి చూసేవాడు, బూట్లు విప్పినందుకు తిట్లు తినేవాడు. ఆ తిట్లు నేనే చేరవేసేవాణ్ణి.

ఆయనకు దేవుళ్ళ కంటే దిష్టి అంటే భయం ఎక్కువ. మా వైపు కొత్త బండి ఏది కొన్నా, మోటార్ సైకిల్ నుంచి లారీ దాకా, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించి గానీ రోడ్డెక్కించరు. కాయ నలిగితే దిష్టి దాంతో పోయినట్టు. కాక ఆ పద్ధతిని మూటలో కట్టుకుని సౌదీకి తెచ్చుకున్నాడు. కొత్త రోలరు సైటుకు వచ్చిన రోజు దాని కింద ఒక కాయ పెట్టాడు. కాంక్రీటు యంత్రం వచ్చిన రోజు ఇంకోటి. రెండూ నలిగి మట్టిలో కలిశాయి, పైవాళ్ళెవరి కంటా పడలేదు. కుంకుమ పొట్లం దిండు గలీబులో ఉండేది. ఇది మాకందరికీ తెలుసు, అందరం తెలియనట్టే ఉన్నాం. ఆ దేశంలో ఇలాంటివాటికి సిహర్ అని ఒక మాట ఉంది. చేతబడి అన్నమాట. అక్కడ అది నవ్వులాటకు వాడే మాట కాదు. దానికి పోలీసులున్నారు, జైలుంది, జైలు కంటే పెద్దవీ ఉన్నాయి.

ఆ ఏడు కాక ఎగ్జిట్ పెట్టుకున్నాడు. సెలవు మీద వెళ్ళిరావడం కాదు, ఇక మళ్ళీ రానని పెట్టుకునే ఎగ్జిట్. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆయన కాపురమంతా సెలవుల్లోనే గడిచింది.

"నా పెండ్లాం నన్ను చుట్టాన్ని చేసిందిరా," అనేవాడు. "పోయినప్పుడల్ల అల్మారిలకెల్లి మంచి గ్లాసు తీసి చాయ్ పోస్తది. ఇంటోనికి పాత గ్లాసుల పొయ్యాలె గద? ఆ పాత గ్లాసుల తాగాలెరా ఒక్కసారన్న."

పెద్ద విమానం మొదటిసారి వచ్చి వెళ్ళాక ముఠాను తగ్గిస్తామని, అప్పుడు ఎగ్జిట్ చేతికిస్తామని ఆఫీసులో చెప్పారు. కాక ఆ విమానం కోసం ఎదురుచూసినట్టు దాన్ని నడిపే పైలట్ కూడా చూసి ఉండడు. అట్టపెట్టె కట్టేశాడు, దాని మీద పేరు రాయించాడు, రాసింది పోకుండా పైన టేపు కూడా అంటించాడు.

ఎగ్జిట్‌కు సంతకాలు పెట్టాల్సినవాళ్ళలో మా కంపెనీ సేఫ్టీ సారు ఒకడు. ఈయన మనవాడే, కోస్తా వైపు, ఇంజనీరింగ్ చదువు. చలువ కళ్ళద్దాలు నెత్తికి ఎక్కించుకుని తిరిగేవాడు. ఆయన పాత బండిలో ఎండతెర వెనక వేంకటేశ్వరుడి చిన్న పటం దోపి ఉండేది. నేను ఒకసారి కాగితాల కోసం ఆ తెర దించి చూశాను, మళ్ళీ అలాగే మూశాను. పరాయి దేశంలో మనవాడు పైన ఉంటే మనకు మంచిదని అనుకునేవాళ్ళుంటారు. వాళ్ళు ఇంకా ఎవరి కిందా పని చేసి ఉండరు.

సారుకూ కాకకూ ఒక తుమ్ము దగ్గర చెడింది. కాంక్రీటు లారీ వెనక్కి వచ్చి పోయబోతుంటే ముఠాలో ఎవడో తుమ్మాడు. కాక చెయ్యెత్తి అందర్నీ ఆపేశాడు. కొంచెంసేపు కూర్చుని, నీళ్ళు తాగి, అప్పుడు మొదలుపెడదామన్నాడు. సారు పరుగెత్తుకొచ్చి కేకలేశాడు. కాక కూర్చున్నచోటి నుంచే, "మీ ఇంట్ల తుమ్ము మంచిదేమో సారు, మా ఇంట్ల కాదు," అన్నాడు. ముఠా మొత్తం నవ్వింది. నేను ఎక్కువ నవ్వాను. సారు కూడా నవ్వాడు. ఆ నవ్వు చూసి నేను కాకతో, "జర పైలం కాకా," అన్నాను. నా జాగ్రత్తలు ఆయన వింటే కదా.

విమానం వచ్చే రోజు పొద్దున మాకు ఆఖరి పని ఒకటుంది. కొత్త దారి మీద వరుసగా, చేతులు చాస్తే ఒకరికొకరు తగిలేంత దూరంలో నిలబడి, తలలు వంచుకుని ఈ చివర నుంచి ఆ చివర దాకా నడవాలి. రాయి, మేకు, తీగముక్క, సీసా మూత, ఏది కనపడితే అది ఏరి సంచిలో వేసుకోవాలి. ఆఫీసులో దీనికేదో ఇంగ్లిషు పేరుంది. మావాళ్ళు ఏరుడు అనేవారు. నాట్లు వేసే ఆడవాళ్ళ వరుసలా ఉండేది, కాకపోతే వాళ్ళు పాటలు పాడతారు, మేము బూతులు పాడేవాళ్ళం. ఏరుడు అయ్యాక విమానాశ్రయంవాళ్ళ తనిఖీ బండి ఒకసారి తిరిగి చూసుకుంటుంది. అంతటితో దారి విమానానిది, మనిషి అడుగు పెట్టకూడదు.

మేము ఏరుతూ చివరి దాకా వెళ్ళి బస్సు ఎక్కబోతున్నాం. తనిఖీ బండి మూల మలుపు దగ్గర ఆగిపోయింది. అందులోంచి తెల్లటి వెస్టు వేసుకున్న సౌదీ ఆఫీసరు, చిన్న వయసువాడు, దిగి వంగి ఏదో తీశాడు. చెయ్యెత్తి మమ్మల్ని రమ్మన్నాడు. దగ్గరికి పోయి చూశాను. ఆయన చేతిలో నిమ్మకాయ. పచ్చటి కాయకు నడుమ ఎర్రటి కుంకుమ బొట్టు. విమానం ముందు చక్రం వెళ్ళే పసుపు గీత మీద, కాక స్వయంగా నునుపు చేసిన మలుపు మొదట్లో, పెట్టి ఉందది. మేము ఏరుకుంటూ ముందుకు పోతుంటే ఆయన వరుసలోంచి ఒక అడుగు వెనకబడి పెట్టాడన్నమాట. భూమ్మీద ఇంకే జాతి మనిషి కూడా చెత్త ఏరమని పంపితే దిష్టి కాయ పెట్టి రాడు.

"ఏష్ హాదా?" అన్నాడు ఆఫీసరు. ఏమిటిది అని.

"నిమ్మకాయ," అన్నాను అరబ్బీలో. "మావాళ్ళ పొద్దుటి తిండిలోది. ఆ ఎరుపు మిరపకారం. మేము కారం అద్దుకుని తింటాం. జేబులోంచి జారి ఉంటుంది, తప్పయింది."

ఆయన దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు. మీ కడుపులు ఎలా తట్టుకుంటాయి అన్నట్టు తల ఊపాడు. చెత్త సంచి అందుకోబోయాడు. అంతటితో అయిపోయేది. నేను ఇప్పటికీ అదే అనుకుంటాను, ఆ సౌదీ పిల్లవాడికి వదిలేస్తే అంతటితో అయిపోయేది.

అప్పుడు సేఫ్టీ సారు బండి వచ్చి ఆగింది. ఆయన దిగి, కళ్ళద్దాలు నెత్తికి తోసి, కాయను చూశాడు. చూడగానే తెలిసిపోయింది ఆయనకు. తెలియకుండా ఎలా ఉంటుంది, అదే నేల మీద పుట్టాడు. ఆఫీసరు చేతిలోంచి కాయను మర్యాదగా తీసుకుని నా వైపు తిరిగాడు.

"ఈయనకేం చెప్పావయ్యా?" అన్నాడు తెలుగులో.

"కారం అని చెప్పిన సార్."

"కారమా! బాగుంది. మా ఇంట్లో బండికి పెట్టమా ఏంటి, నాకు తెలీదా ఇదేంటో?" నవ్వుతూనే అన్నాడు. ఆఫీసరు కూడా ఏదో సరదా సంగతి అనుకుని నవ్వాడు. "సరే, నీ మాటే నిలబెడదాం. తిండి వస్తువు కదా. ఎవడిదో వాడే వచ్చి తినాలి, ఇక్కడే, ఇప్పుడే. లేదంటే ఈయన చెవిలో ఒక్క ముక్క వేస్తాను. ఏ ముక్కో నీకూ తెలుసు."

నా ఉద్యోగానికి ఆ క్షణాన పని లేకుండా పోయింది. చేరవేయడానికి ఏమీ లేదు, అది తెలుగే, అందరికీ వినపడింది. నేను సారు కళ్ళలోకి చూశాను. నిజంగా ఆ ముక్క అనేస్తాడా, ఊరికే బెదిరిస్తున్నాడా అని. అనేస్తాడు. తుమ్ము నాటి నవ్వు ఆ మొహం మీద అలాగే ఉంది.

కాక వరుసలోంచి బయటికి వచ్చాడు. "నాదే సారు," అన్నాడు.

సారు కాయను ఆయన అరచేతిలో పెట్టాడు. ప్రసాదం పెట్టినట్టు పెట్టాడు, అది నేను మరచిపోను. కాక పళ్ళు అంత గట్టివి కావు. మొదటి కొరుకు తోలు దాటలేదు. రెండో కొరుకుకు రసం గడ్డం మీద కారింది, కుంకుమ కలిసి ఎర్రగా. దారి మీద నూనె, దుమ్ము, రబ్బరు పొడి అన్నీ ఆ తోలుకు అంటుకునే ఉంటాయి. ఆయన మొహం ముడుచుకుపోయింది, కళ్ళ వెంట నీళ్ళు వచ్చాయి. గింజ ఒకటి నాలుక మీదికి తెచ్చుకున్నాడు.

"ఉమ్మకూడదు," అన్నాడు సారు. "ఉమ్మితే చెత్త. చెత్తయితే నేను రిపోర్ట్ రాయాలి. నమిలి మింగు."

మింగాడు. మావాళ్ళంతా ఏరుడప్పటిలాగే తలలు వంచుకుని నిలబడ్డారు. నేను తల వంచలేదు. అది ధైర్యం అని చెప్పను, కోపంతో మెడ బిగుసుకుపోయింది, అంతే. ఆఫీసరు నవ్వు ఆగిపోయింది. ఈ ముసలాయన ఇలా ఎందుకు తింటున్నాడని నన్ను అడిగాడు. ఆకలి అన్నాను. ఆయన నమ్మలేదు. "ఖలాస్, ఖలాస్," అంటూ, చాలు చాలు అంటూ, తన బండిలోంచి నీళ్ళ సీసా తెచ్చి కాక చేతిలో పెట్టాడు. సారు వైపు తిరిగి, "హరామ్ అలేక్," అన్నాడు. పాపం తగులుతుంది నీకు అని.

"నో ప్రాబ్లం సర్, హీ లైక్స్ ఇట్," అన్నాడు సారు.

చివరి తొడిమ ముక్క దాకా తినిపించాడు.

విమానం వచ్చేటప్పుడు మమ్మల్ని బస్సులో కూర్చోబెట్టారు, కిందికి దిగొద్దన్నారు. ఫైరింజన్లు రెండు పక్కలా నిలబడి నీళ్ళు చిమ్మాయి. మేము తాగే నీళ్ళ ట్యాంకరు ఆలస్యమైన రోజులు గుర్తొచ్చి మావాళ్ళలో ఒకడు గట్టిగానే తిట్టాడు. విమానం నీళ్ళ కిందుగా, తొందరేమీ లేనట్టు, మా మలుపు దాకా వచ్చింది. చాలా పెద్దది. అంత పెద్దదాన్ని అసహ్యించుకుందామనుకున్నాను గానీ చేతకాలేదు. చివరి ఇంజిను మేం గట్టి చేసిన పక్క నేల మీదుగా గాలి పీల్చుకుంటూ వెళ్ళింది. కింద ఒక్క ఇసుకరేణువు లేవలేదు.

కాక కిటికీ వైపు చూడటం లేదు. పొట్ట పట్టుకుని, కళ్ళు మూసుకుని, వెనక సీటులో ఒరిగి ఉన్నాడు.

"ఎందుకు పెట్టినవ్ కాకా?" అన్నాను. తిట్టినట్టే అన్నాను.

"గంత పెద్ద బండి," అన్నాడు. పెదవులు అప్పటికే వాచాయి, మాట సరిగా రాలేదు. "మనం పోసిన రోడ్డు మీదికి మొదటిసారి వస్తున్నది. ఉత్తగ రానియ్యాల్నారా?"

"అది మన బండి కాదు."

"రోడ్డు మనది గద." కళ్ళు తెరవకుండానే, "మూల మంచిగ తిరిగిందా?" అన్నాడు.

"తిరిగింది," అన్నాను.

నోరంతా పుళ్ళు పడ్డాయి. చాలా రోజులు అన్నంలో లబన్ పోసుకుని, నీళ్ళగా చేసుకుని తాగాడు. మజ్జిగ కూడా మండుతుందనేవాడు. కూరలకు వంక పెట్టడం మానేశాడు, అదే నాకు ఎక్కువ భయమేసింది. ముఠాలో సగంమంది వెళ్ళిపోయారు. కాక కాగితం సారు బల్ల మీద ఆగిపోయింది. అడగడానికి పోయిన ప్రతిసారీ రేపు అనేవాడు. "ఏం తొందర? మీ కాకకి ఇక్కడ తిండి బాగానే దొరుకుతోందిగా," అని ఒకసారి నాతో అన్నాడు. ఆ మాట నేను కాకకు చేరవేశాను. అన్నీ చేరవేసేవాణ్ణి, అలవాటు.

అలా ఉండగా సారు కొత్త బండి కొన్నాడు. అమెరికా కంపెనీది, నల్లటిది, ఎక్కడానికి మెట్టు ఉన్నంత ఎత్తు. క్యాంపు వెనక సామాను షెడ్డు పక్కన పెట్టుకున్నాడు. ఒక శుక్రవారం పొద్దున నన్ను పిలిచాడు.

"బలద్ బజారుకెళ్ళి మంచి నిమ్మకాయలు నాలుగు పట్రా," అన్నాడు. "మా ఆవిడ ఫోన్లో ఒకటే గొడవ, నిమ్మకాయలు తొక్కించకుండా బండి తియ్యొద్దంటుంది. అలాగే మీ కాకని కూడా పిలువు. ఆయనకి పద్ధతి తెలుసుగా."

ఆయన సిగ్గుపడతాడేమోనని కాసేపు చూశాను. కళ్ళద్దాలు తుడుచుకుంటున్నాడు.

"సార్, అది సిహర్ గద," అన్నాను.

నవ్వాడు. "అది టాక్సీవే అయ్యా. ఇది నా సొంత బండి."

బలద్ పాత బజారులో నిమ్మకాయల బుట్ట ముందు కూర్చుని తీరిగ్గా ఏరాను. రసం నిండిన పండ్లు పక్కకు తోసి రాయిలాంటి కాయలు తీసుకున్నాను. ఒకటి మరీ చిన్నది, గోళీలా గుండ్రంగా ఉంది. అది కావాలనే వేసుకున్నాను. దానివల్ల జరిగిందాంట్లో నాకు వాటా ఉంది, బాధ లేదు.

కాక వస్తాడనుకోలేదు. వచ్చాడు. స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"నువ్వేం మనిషివి కాకా?" అన్నాను షెడ్డు పక్కన, సారు వినకుండా.

"సంతకం ఆయన చేతుల ఉన్నది," అన్నాడు. "ఇంకేమనాలె చెప్పు."

దిండు గలీబులోంచి కుంకుమ తెచ్చాడు. నాలుగు కాయలకూ బొట్లు పెట్టాడు. ప్రతి టైరు ముందూ గొంతుక్కూర్చుని, కాయ పెట్టి, పెదవులు కదిపాడు. తూతూ మంత్రం చెయ్యలేదు, తన సొంత బండికైతే ఎలా చేస్తాడో అలా చేశాడు. సారు కూడా చెప్పులు విప్పి, కళ్ళు మూసుకుని, చేతులు జోడించాడు. ఆ తర్వాత ఎక్కి బండిని ముందుకు పోనిచ్చాడు. మూడు కాయలు నలిగాయి. గోళీ కాయ టైరు అంచుకు తగిలి చప్పున జారింది, దొర్లుకుంటూ పోయి, సారు తలుపు తీసుకుని కాలు పెట్టేచోట ఆగింది.

సారు దిగబోయి దాన్ని చూసి కాలు వెనక్కి తీసుకున్నాడు. చదువుకున్న మొహంలోంచి రక్తం ఎలా దిగిపోతుందో నేను దగ్గర్నుంచి చూశాను. చాలా బాగుంది.

"ఇది... ఇది నలగలేదే," అన్నాడు. "మళ్ళీ పెట్టు. మళ్ళీ పెట్టు దాన్ని."

"జారిన కాయ మల్ల పెట్టరు సారు," అన్నాడు కాక.

"మరేం చేస్తారు?"

కాక వంగి కాయ తీసుకున్నాడు. దానికేసి చూశాడు, సారుకేసి చూశాడు. కాక మొహంలో అంతసేపూ ఉన్న ఒద్దిక పోయింది. కాయను ఉతికిన చొక్కాకు తుడుచుకుని నోట్లో పెట్టుకుని కొరికాడు.

"ఏయ్, ఏం చేస్తున్నావ్?" సారు గొంతు పీలగా వచ్చింది. "వద్దు. ఆపు. ఆపమను వాణ్ణి!"

కాక ఆగలేదు. అప్పుడప్పుడే మానుతున్న నోరు, పచ్చి కాయ. రసం ఎక్కడ తగిలి ఎక్కడ మండుతోందో ఆయన దవడ చూస్తే తెలుస్తోంది. అయినా సారు మీది నుంచి చూపు తిప్పలేదు. తోలు, గుజ్జు, గింజలు, కుంకుమ, అన్నీ నమిలాడు, అన్నీ మింగాడు. కింద ఒక్క చుక్క పడనివ్వలేదు. చేతులు దులుపుకున్నాడు.

"ఇగ సంతకం పెట్టు సారు."

"అలా తింటే ఏమవుతుంది?" అన్నాడు సారు. సారు నా వైపు తిరిగాడు. "నువ్వు అడుగు. ఏమవుతుందో అడుగు." తెలుగువాడికీ తెలుగువాడికీ మధ్య నన్ను నిలబెట్టాడు.

అడిగాను. "సంతకమైనంక చెప్త," అన్నాడు కాక.

సారు ఆఫీసు దాకా నడిచి వెళ్ళాడు, బండి ఎక్కకుండా. కాగితం తెచ్చి, వేడెక్కిన బానెట్టు మీద పెట్టి సంతకం చేశాడు. కాక దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, బొత్తాం పెట్టుకున్నాడు.

"ఇప్పుడు చెప్పు," అన్నాడు సారు.

"తెల్వది సారు," అన్నాడు కాక. "మా దిక్కు దిష్టి కాయ ఎవ్వలు తినరు. మొదటిసారి తినిపిచ్చింది మీరే. చూడాలె ఏమైతదో."

కాక వెళ్ళిపోయాడు. అట్టపెట్టె నేనే మోశాను. సారు ఆ బండి ఎక్కలేదు. కొన్నాళ్ళు సర్వీసింగ్ అన్నాడు, కొన్నాళ్ళు ఇన్సూరెన్స్ అన్నాడు. ఆ తర్వాత దాని మీద కవరు కప్పించి, మాతోపాటు కంపెనీ బస్సులో రావడం మొదలుపెట్టాడు. బస్సులో ఏసీ సరిగా పనిచెయ్యదు. చెమటలు కక్కుతూ నా పక్కన కూర్చుని, ఎవరూ వినకుండా, "మీ కాక ఏమైనా చెప్పాడా?" అని అడుగుతాడు. ఆయనకు ఎక్కడ ఏ చిన్న నొప్పి వచ్చినా ఆ రోజు ఇంకోసారి అడుగుతాడు.

ఆమధ్య కాకకు ఫోన్ చేశాను. నోరు మానిందన్నాడు, పులుపు మాత్రం ఇప్పటికీ తినలేకపోతున్నానన్నాడు. చారు వాసనకే లేచి బయటికి పోతానన్నాడు.

"చాయ్ పాత గ్లాసుల పోస్తున్నదా?" అన్నాను.

"పోస్తున్నది. అంచు పగిలింది గూడ," అని నవ్వాడు. ఆ నవ్వు విని నాకు సంతోషమైంది. తర్వాత, "సారు బండి మంచిగ నడుస్తున్నదా?" అని అడిగాడు.

"నడుపుత లేడు. కవరు కప్పి పెట్టిండు. నువ్వేం జేసినవో అని పాణం బిగవట్టుకొని తిరుగుతున్నడు."

"అరె, పాపం," అన్నాడు. "ఏం కాదని చెప్పురా. కోపమొచ్చి తిన్న, గంతే. పిల్లలున్నోడు. బండి తీస్కపొమ్మని నా మాటగ చెప్పు."

"చెప్త," అన్నాను.

ఇన్నేళ్ళూ అందరి మాటలూ చేరవేసి బతికాను, తిట్లు కూడా ఒక్కటి తగ్గించలేదు. ఆ మాట మాత్రం చేరవేయలేదు. మొన్న కూడా సారు బస్సులో నా పక్కన కూర్చుని అడిగాడు, మీ కాకతో ఫోన్లో మాట్లాడావటగా, ఏమన్నాడు అని.

"ఏమీ అనలేదు సార్," అన్నాను. "మీ బండి గురించి అడిగి నవ్విండు."